మడవ కట్టే నీరడి

ఇటు వచ్చి కూర్చో బిడ్డా. నిన్న మీ నాయన పత్తి చేనులో మందు కొట్టి వచ్చి, ఒళ్లు కడుక్కోకుండానే చాయ్ గ్లాసు అందుకుంటే నేనెందుకు గట్టిగా అరిచానని అడిగావు కదా. అది తెలియాలంటే ముందు మన ఒంట్లో నరాల సంగతి తెలియాలి.

మన ఊరి చెరువునే తీసుకో. తూము నుంచి పెద్ద కాలువ, దానికి పిల్ల కాలువలు, చివర మడులు. ఒంట్లో కూడా ఇంచుమించు అలాంటి ఏర్పాటే. పైన మెదడు. సుమారు కిలో నాలుగు వందల గ్రాములుండే ఆ ముద్దలో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అక్కడి నుంచి వెన్నెముక లోపలికి వెన్నుపాము దిగుతుంది, మూరెడు పొడవు. మెదడు నుంచి 12 జతల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరి కాలి బొటనవేలి దాకా అల్లుకుంటాయి. కాలువలో పారేది నీళ్లు, నాడిలో పారేది చిన్నపాటి కరెంటు. వేగమైన నాడుల్లో అది సెకనుకు వంద మీటర్ల పైనే పోతుంది.

అన్ని పనులకూ మెదడు దాకా పోనక్కర్లేదు. తుమ్మముల్లు గుచ్చుకోగానే వెన్నుపామే కాలును వెనక్కి లాగేస్తుంది, ‘అబ్బా’ అనుకునేది ఆ తర్వాతే. గుండె కొట్టుకోవడం, నోట్లో నీళ్లూరడం, కంటిపాప చిన్నదవడం మనం చెప్పకుండానే జరిగిపోతాయి. వాటికి వేరే నాడులున్నాయి.

ఇప్పుడు అసలు సంగతి విను. నాడి కొస కండను తాకదు. మధ్యలో సందు ఉంటుంది, తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు. ఆ సందును కరెంటు దాటలేదు. అందుకని నాడి కొస అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది అవతలికి పోయి కండ మీది తలుపులు తెరుస్తుంది, కండ బిగుస్తుంది.

తెరిచిన మడవను మళ్లీ కట్టాలి కదా? మడి నిండినా నీళ్లు ఆపకపోతే పంట మునుగుతుంది. ఆ పని చూసే నీరడి ఒక ఎంజైము, దాని పేరు అసిటైల్‌కోలినెస్టరేజ్. ఒక్కో ఎంజైము అణువు సెకనుకు వేల అసిటైల్‌కోలిన్ అణువులను విరిచేస్తుంది. నువ్వు పలక మీద ‘అ’ దిద్ది వేలు ఎత్తగలుగుతున్నావంటే ఆ నీరడి చలవే.

నాడులు రసాయనంతో మాట్లాడతాయని 1921లో ఒట్టో లోవీ అనే ఆయన రెండు కప్ప గుండెలతో తేల్చాడు. ఒక గుండె నాడిని కదిపితే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీటిని తీసి రెండో గుండెకు పోస్తే, ఏ నాడినీ కదపకుండానే అదీ నెమ్మదించింది. ఆయనకూ, హెన్రీ డేల్‌కూ కలిపి 1936లో నోబెల్ ఇచ్చారు.

ఇక మన చేనుకు వద్దాం. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు ఆ నీరడి చేతులు కట్టేస్తాయి. పురుగు ఒంట్లోనూ అదే నీరడి, మన ఒంట్లోనూ అదే. మందుకు మనిషీ పురుగూ తేడా తెలియదు. చాన్నాళ్ల కింద మా తమ్ముడు పంపు నాజిల్‌లో నలుసు పడితే నోటితో ఊదాడు. ఎదురుగాలి వేరే. పొద్దుగూకే సరికి కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి, నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, తొడ కండలు వాటంతటవే అదురుతున్నాయి. ఊపిరి ఆడించే కండలు అలసిపోకముందే ఆసుపత్రికి చేర్చాం కాబట్టి బతికాడు. వాళ్లు ఎక్కించింది అట్రోపిన్. మన దిబ్బల మీది ఉమ్మెత్తలోనూ ఉండే విషమే అది. డాక్టరు కొలిచి ఇస్తేనే మందు, ఇంట్లో ఆకు నూరితే ప్రాణం తీస్తుంది.

2017లో పెన్‌గంగ అవతల, మనకు ఆనుకునే ఉన్న యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందులు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా చనిపోయారు. అదే నల్లరేగడి, అదే పత్తి. అవతలి ఒడ్డు కష్టం మనది కాదనుకోలేం బిడ్డా.

అదే చేనులో తిరిగే పాము దీనికి తిరగేసిన పని చేస్తుంది. నాగుపాము విషం కండ మీది తలుపులకు అడ్డం పడుతుంది. కట్లపాము విషం నాడి కొసనే పాడుచేసి రసాయనం రాకుండా చేస్తుంది. మందు మడవను మూయనివ్వదు, ఈ విషం తెరవనివ్వదు. అందుకే ముందు కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తర్వాత ఊపిరి. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పి కూడా తెలియదు. మంత్రం దగ్గర ఆగితే గంటలు పోతాయి. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి. విరుగుడు సూది అక్కడే ఉంటుంది.

చూశావా, ఇంత పెద్ద ఒళ్లు కంటికి కనబడని ఆ సందు మీద ఆధారపడి నడుస్తోంది. మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. తడిసిన చొక్కా ఒంటి మీద ఉన్నంతసేపూ అది లోపలికి పోతూనే ఉంటుంది.

అదిగో, మీ నాయన పంపు భుజాన వేసుకుని వస్తున్నాడు. పో, బావి దగ్గర బకెట్టు నింపి సబ్బు పక్కన పెట్టు. చొక్కా విడిగా పడేయమను. ఒళ్లు రుద్ది కడుక్కున్నాకే చాయ్.