ఒకే ఇంగ్లీషుకు ఇన్ని యాసలెందుకు?

హిమాయత్‌నగర్ నుంచి ఏడో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మా టీచర్ అందరికీ ఒకటే ఇంగ్లీషు చెప్తరు. నేను బస్సు, పెన్ను అంటా. ఉర్దూ మాట్లాడే నా దోస్తు ఇస్కూల్ అంటది. బెంగాల్ నుంచి వచ్చిన పిల్ల భెరీ గుడ్ అంటది. ఎందుకట్ల?"

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న హిమాయత్‌నగర్ కాదు, మొయినాబాద్ మండలంలోని ఊరు. ఆ చుట్టుపక్కల తెలుగు, ఉర్దూ ఎప్పటినుంచో పక్కపక్కనే వినిపిస్తాయి. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలయ్యాక ఈ సందేహం చాలామంది పిల్లలకు వస్తోంది. తప్పకుండా రావలసిన సందేహమే.

ముందు నీ మాటలే చూడమ్మా. చెట్టు, ఊరు, నీళ్లు. మన మాటలు అచ్చుతోనో, 'అన్నం'లో లాగా సున్నతోనో ముగుస్తాయి. హల్లు దగ్గర ఠక్కున ఆగడం నోటికి అలవాటు లేదు. అందుకే బస్‌కు చివర ఉకారం చేరి బస్సు అయింది. నీ దోస్తు ఇంట్లో కితాబ్, మకాన్ అంటారు కాబట్టి బస్ దగ్గర ఆగడం ఆమెకు సులువు. ఆమె చిక్కంతా మాట మొదట్లో. సకారం వెంటనే ఇంకో హల్లు వస్తే ముందు ఒక ఇకారం ఆసరా కావాలి. అలా ఇస్కూల్ పుట్టింది. స్పెయిన్ వాళ్లకూ ఇదే చిక్కు, వాళ్లు ఎస్కూల్ అంటారు. బెంగాలీ పిల్ల వాడుకలో మన 'వ' లేదు. పెదవులతో పలికే వాటిలో దగ్గరగా దొరికింది 'భ', దాన్నే వాడింది. ముగ్గురూ చేసింది ఒకటే పని: ఇంగ్లీషు మాటను తమ భాష అలవాటుకు తగ్గట్టు మార్చుకున్నారు.

మరి తేడా విని సరిచేసుకోవచ్చు కదా అంటావేమో. అసలు కష్టం అక్కడే ఉంది, ఆ తేడా చెవికే అందదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ఒక పరిశోధన ప్రచురించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీలోని 'త', 'ట'ల తేడా గుర్తుపట్టారు. ఏడాది నిండే వేళకు ఆ శక్తి చాలామందిలో తగ్గిపోయింది. ఇంట్లో వినబడని తేడాను చెవి పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే ఇంగ్లీషువాళ్లకు మన పాట, పాత ఒకేలా వినిపిస్తాయి. మనకూ అంతే. పడమర అనే అర్థమున్న వెస్ట్, బనియను అనే అర్థమున్న వెస్ట్ ఇంగ్లీషులో వేర్వేరుగా పలుకుతాయి. మన చెవికి రెండూ ఒకే 'వ'. ఇందులో ఎవరి తెలివితక్కువా లేదు. యాస విని తరగతిలో నవ్వడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

ఎలా నేర్చుకోవాలి? చెవితో మొదలుపెట్టాలి. ఆ రెండు వెస్ట్‌ల లాంటి జంట మాటలు పదేపదే విని, ఏది ఏదో చెప్పడం ఆటగా ఆడండి. తర్వాత అద్దం ముందు నిలబడు. పడమర అర్థంలో వెస్ట్ అన్నప్పుడు పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్లు తగలకూడదు. బనియను అర్థంలో వెస్ట్ అన్నప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలాలి. నోటి ముందు సన్నని కాగితం పట్టుకుని పిన్ అను. ఇంగ్లీషువాళ్లు అంటే ఊపిరి తగిలి కాగితం కదులుతుంది, మనం అంటే దాదాపు కదలదు. అందుకే మన పిన్ వాళ్లకు ఒక్కోసారి బిన్‌లా వినిపిస్తుంది. జూ అనే మాటకు నీ దోస్తే మంచి గురువు. ఆమె జిందగీ అన్నప్పుడు మొదట వచ్చే ధ్వనే అక్కడ కావాలి.

అయితే వీటన్నిటికన్నా నేను ఎక్కువ పట్టించుకోమనేది ఊనికను, అంటే మాటలో ఒక భాగం మీద పెట్టే బలాన్ని. హైదరాబాదులో 1958లో మొదలైన కేంద్రీయ ఆంగ్ల సంస్థ, అంటే నేటి ఇఫ్లూ, 1969లో ఆర్.కె. బన్సల్ అధ్యయనాన్ని ప్రచురించింది. మనవాళ్ల ఇంగ్లీషు ఇతరులకు ఎంత అర్థమవుతుందో ఆయన పరిశీలించారు. మాటలో ఊనిక తప్పిన చోట వినేవాళ్లు బాగా తికమకపడ్డారు. తెలుగులో ప్రతి అక్షరాన్నీ దాని హ్రస్వదీర్ఘాల మేరకు పూర్తిగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒకచోట బలం పెట్టి మిగతావి నలిపేస్తారు. ఫోటోగ్రాఫ్‌లో బలం మొదటి భాగం మీద, ఫొటోగ్రఫీలో రెండో భాగం మీద. కొత్త మాట నోట్‌బుక్కులో రాసుకునేటప్పుడు బలం పడే భాగం కింద గీత గీసుకో. నిఘంటువుల్లో ఆ భాగానికి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది, దాన్ని చూసి గీస్తే సరిపోతుంది.