వరుస తెలిస్తే జవాబు తెలుస్తుంది

మీ ఇంట్లో ఎనిమిదవ తరగతి చదివే బిడ్డ ఉన్నదా? లేక ఇంటరో డిగ్రీయో ముగించి రైల్వే పరీక్షలకు, పోలీసు పరీక్షలకు దరఖాస్తులు పెట్టుకుంటున్న యౌవనస్థుడు ఉన్నాడా? అయితే ఈ వ్యాసాన్ని వారితోపాటు మీరు కూడా కూర్చుని చదవండి. ఒక పెన్సిలు, ఒక తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి. కాగితం లేకపోతే గుప్పెడు చింతగింజలైనా చాలు.

"ఒక వరుసలో రూతు ఎడమ నుండి 7వ స్థానంలో, కుడి నుండి 12వ స్థానంలో ఉన్నది. ఆ వరుసలో మొత్తం ఎందరు?" ఇటువంటి ప్రశ్నలను రీజనింగ్ పుస్తకాలలో ర్యాంకింగ్, ఆర్డరింగ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఇవి వరుస లెక్కలు. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరు పొడుగు, ఎవరు పొట్టి అని తేల్చడమే వీటి పని. వీటికి ఎక్కాలు రానవసరం లేదు. ఇంగ్లీషు రానవసరం లేదు. కూడిక, తీసివేత, కొంచెం నిదానం ఉంటే చాలు.

ఈ చిన్న లెక్కల వెనుక ఎంత ఉన్నది?

ఎనిమిదవ తరగతి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్.ఎం.ఎం.ఎస్. అనే ఉపకార వేతనం ఒకటి ఉన్నది. 2008లో మొదలైన ఈ పథకం చదువుకొనే తెలివి ఉండి, చదివించే స్తోమత లేని కుటుంబాల కోసం పెట్టినది. పరీక్షలో ఎంపికైన బిడ్డకు తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు, అంటే ఇంటర్ ముగిసేదాకా, ఏడాదికి 12,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలే దీనికి అర్హులు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. మిగిలిన నిబంధనలు మీ పాఠశాల ప్రధానోపాధ్యాయుని అడిగితే చెబుతారు.

ఆ పరీక్షలో రెండు భాగాలున్నాయి. ఒకటి పాఠాల మీద, రెండవది మెంటల్ ఎబిలిటీ అనే ఆలోచనా శక్తి మీద. ఒక్కొక్క భాగంలో 90 ప్రశ్నలు. అంటే సగం మార్కులు పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్నలకే! వరుస లెక్కలు వచ్చేది ఆ సగంలోనే. రైల్వేలో గ్రూప్ డి అని పిలిచే ఉద్యోగాలకు 2018లోను, 2022లోను జరిగిన పరీక్షలలో 100 ప్రశ్నలకు 30 రీజనింగ్ ప్రశ్నలు ఉన్నాయి. సమయం 90 నిమిషాలు. తప్పు జవాబుకు మూడవ వంతు మార్కు కోత.

కాబట్టి ఇది ఆటలా కనిపించినా ఒక బిడ్డ చదువు నిలబెట్టగల ఆట. బడికి వెళ్లని తల్లి కూడా తన బిడ్డకు నేర్పగల ఆట.

బిందెల వరుస చూడండి

కుళాయి దగ్గర బిందెలు వరుసగా పెట్టారు. మీ బిందె ముందు నుండి 7వది, వెనుక నుండి 12వది. మొత్తం బిందెలు ఎన్ని? చాలామంది పిల్లలు 7, 12 కలిపి 19 అంటారు. జవాబు 19 కాదు. ముందు నుండి లెక్కపెట్టినప్పుడు మీ బిందెను లెక్కపెట్టారు. వెనుక నుండి లెక్కపెట్టినప్పుడు మళ్లీ దానినే లెక్కపెట్టారు. ఒకే బిందె రెండుసార్లు లెక్కకు వచ్చింది. అందుకని ఒకటి తీసివేయాలి. జవాబు 18. కావాలంటే సరిచూడండి: మీ ముందు 6, మీది 1, మీ వెనుక 11. మొత్తం 18.

మొదట అడిగిన రూతు ప్రశ్నకు కూడా ఇదే జవాబు. రెండు స్థానాలూ కలిపి ఒకటి తీసివేస్తే మొత్తం వస్తుంది. అలాగే, మొత్తంలో నుండి ఒకవైపు స్థానం తీసివేసి ఒకటి కలిపితే రెండవవైపు స్థానం వస్తుంది. 40 మంది తరగతిలో పై నుండి 13వ వాడు కింది నుండి 28వ వాడు. ఈ సూత్రాన్ని బట్టీ పట్టించకండి. ఆ "ఒకటి" ఎక్కడిదో గింజలు పేర్చి చూపండి. ఒకసారి కంటితో చూసిన బిడ్డ పరీక్ష హాలులో కూడా మరచిపోదు.

'కంటే' ఎవరి పక్కన ఉన్నది?

"రూతు కంటే మార్త పొడుగు" అన్నారనుకోండి. పిల్లలు వాక్యంలో పేర్లు వచ్చిన వరుసలోనే కాగితం మీద రాసేసి, రూతును పైన, మార్తను కింద పెడతారు. అంతా తలక్రిందులవుతుంది. మన భాషలో 'కంటే' ఏ పేరు పక్కన ఉంటుందో, పోలిక ఆ పేరుతో. ఇక్కడ పొడుగు మార్త. "మార్త రూతు కంటే పొడుగు" అన్నా అర్థం అదే. పేర్లు అటు ఇటు మారినా 'కంటే' మాత్రం రూతును వదలలేదు గదా! అందుకే మొదట 'కంటే' కింద గీత గీయమని పిల్లలకు చెప్పండి.

మరికొన్ని మాటల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. 'చిన్నవాడు' అంటే వయసులోనా, ఎత్తులోనా? ప్రశ్న మళ్లీ చదవాలి. ర్యాంకులో సంఖ్య తక్కువైన కొద్దీ స్థానం పైన ఉంటుంది; 5వ ర్యాంకు 8వ ర్యాంకు కంటే మూడు స్థానాలు పైన. ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నవారి ఎడమ చెయ్యి మన కాగితానికి ఎడమవైపే ఉంటుంది. దక్షిణం వైపు తిరిగి కూర్చుంటే వారి ఎడమ మనకు కుడి అవుతుంది.

తలలో కాదు, గీత మీద

ఇప్పుడు ఐదుగురిని తీసుకొందాము. ఎస్తేరు మార్త కంటే పొడుగు, కాని రూతు కంటే పొట్టి. దానియేలు రూతు కంటే పొడుగు. యోహాను మార్త కంటే పొట్టి. ఎత్తు వరుసలో సరిగ్గా మధ్యన ఎవరున్నారు?

ఇది తలలో మోయడం కష్టం. కాగితం మీద ఒక నిలువు గీత గీయండి. పై కొన పొడుగు, కింది కొన పొట్టి. మొదటి వాక్యంతో రూతు పైన, ఎస్తేరు నడుమ, మార్త కింద నిలబడతారు. రెండవ వాక్యంతో దానియేలు రూతు పైకి వెళతాడు. మూడవ వాక్యంతో యోహాను మార్త కిందికి వస్తాడు. పై నుండి చదవండి: దానియేలు, రూతు, ఎస్తేరు, మార్త, యోహాను. మధ్యన ఎస్తేరు. అర నిమిషం కూడా పట్టలేదు.

స్విట్జర్లాండు దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే (1896–1980) చిన్న పిల్లలకు వేరువేరు పొడవులున్న పుల్లలు ఇచ్చి వరుసగా పేర్చమని చూశాడు. నాలుగైదేళ్ల పిల్లలు రెండేసి పుల్లలను పోల్చగలిగారు గాని మొత్తం వరుస పేర్చలేకపోయారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు అన్నిటికంటే పొట్టిదాన్ని వెదకి, దాని తరువాతిదాన్ని వెదకి, ఒక పద్ధతిలో పేర్చారు. ఒకరిద్దరిని పోల్చడం వేరు, అందరినీ ఒకే వరుసలో నిలపడం వేరు అని దీనివలన తెలుస్తున్నది. గీత చేసే సహాయం ఈ రెండవ పనిలోనే.

చెప్పనిది కలపవద్దు

ఈ లెక్కలలో అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇది. పైన చెప్పిన లెక్కలో ఒక్క మాట మార్చి చూద్దాము. యోహాను మార్త కంటే పొట్టి అనలేదు. ఎస్తేరు కంటే పొట్టి అన్నారు. ఇప్పుడు మధ్యన ఎవరు? ఇప్పటికీ ఎస్తేరే. ఎందుకంటే ఆమె పైన ఇద్దరు, కింద ఇద్దరు ఉన్నారు. మరి అందరికంటే పొట్టి ఎవరు? మార్త కావచ్చు, యోహాను కావచ్చు. వారిద్దరినీ ఎవరూ పోల్చలేదు. కాబట్టి "ఇచ్చిన సమాచారంతో చెప్పలేము" అనేదే సరైన జవాబు.

జవాబుల్లో ఆ మాట కనిపిస్తే చాలామంది పిల్లలు భయపడతారు. అది చేతకానివారి జవాబు అనుకొని, ఏదో ఒక పేరుకు గుర్తు పెట్టేస్తారు. తెలియనిదాన్ని తెలిసినట్లు చూపడం కంటే, తెలియదని లెక్క కట్టి చెప్పడమే ఇక్కడ తెలివి. సమాచారం చాలదని తేల్చడానికి కూడా గీత గీయవలసిందే. ఒకే పేరు రెండు చోట్ల ఇమిడితే, ఆ ప్రశ్నకు అక్కడ జవాబు లేదన్నమాట.

ఇంకొక ఉదాహరణ. ఒక వరుసలో సుందరం ముందు నుండి 10వ వాడు, భాస్కర్ వెనుక నుండి 12వ వాడు. ఇద్దరి మధ్య ముగ్గురున్నారు. మొత్తం ఎందరు? సుందరం ముందుంటే 10, 3, 12 కలిపి 25 మంది. కాని సుందరమే ముందున్నాడని ఎవరు చెప్పారు? భాస్కర్ ముందుంటే అతడు 6వ చోట, సుందరం 10వ చోట నిలబడతారు, మొత్తం 17 మందే. అందుచేత 'మొత్తం' అని అడిగితే చెప్పలేము. 'కనీసం ఎందరు' అని అడిగితే 17. 'గరిష్ఠంగా' అంటే 25. ప్రశ్నలోని ఒక్క పదం మీద జవాబు ఆధారపడి ఉన్నది.

చోట్లు మారినప్పుడు

ఒక వరుసలో కమల ఎడమ నుండి 8వది, విమల కుడి నుండి 10వది. ఇద్దరూ చోట్లు మార్చుకొన్నారు. ఇప్పుడు కమల ఎడమ నుండి 15వది అయింది. మొత్తం ఎందరు?

ఇక్కడ మనుషులను మరచి కుర్చీలను చూడండి. కమల ఇప్పుడు విమల కుర్చీలో ఉన్నది. ఆ కుర్చీ కుడి నుండి 10వది, ఎడమ నుండి 15వది. ఇక ఇది మన బిందెల లెక్కే: 15, 10 కలిపి ఒకటి తీసివేస్తే 24.

మార్కుల లెక్కలలో ఒక ఉచ్చు ఉంటుంది. "ఉత్తీర్ణులైనవారిలో రవి పై నుండి 10వ వాడు, కింది నుండి 27వ వాడు. నలుగురు పరీక్ష రాయలేదు, ఆరుగురు తప్పారు. తరగతిలో ఎందరు?" ఉత్తీర్ణులు 36 మంది. అక్కడ ఆగిపోతే మార్కు పోతుంది. మిగిలిన పదిమందిని కలిపితే 46.

మీరు చేసి చూడండి

1. 45 మంది తరగతిలో దానియేలు పై నుండి 16వ వాడు. కింది నుండి ఎన్నవ వాడు?

2. 30 మంది ఉన్న వరుసలో మార్త ముందు నుండి 9వది, ఎస్తేరు వెనుక నుండి 11వది. ఇద్దరి మధ్య ఎందరు?

3. వయసులో సుగుణ కంటే కమల చిన్నది. కమల కంటే విమల చిన్నది. సుగుణ కంటే నిర్మల పెద్దది. అందరికంటే పెద్ద ఎవరు, చిన్న ఎవరు?

4. రాజు కంటే సోము బరువు ఎక్కువ. రాజు కంటే రవి బరువు ఎక్కువ. ముగ్గురిలో ఎవరి బరువు ఎక్కువ?

జవాబులు: 1. 30వ వాడు. 2. పదిమంది. వెనుక నుండి 11వది అంటే ముందు నుండి 20వది. 9కి 20కి మధ్య 10 చోట్లున్నాయి. 3. నిర్మల పెద్ద, విమల చిన్న. 4. చెప్పలేము. అందరికంటే తక్కువ బరువు రాజుది అని మాత్రం చెప్పగలము.

తల్లిదండ్రులారా, రోజూ రాత్రి భోజనాలయిన తరువాత పది నిమిషాలు చాలు. ఐదు లెక్కలు చేయించండి. తొందరపెట్టకండి, వేగం తరువాత దానంతట అదే వస్తుంది. జవాబు సరిగా వచ్చినా "ఎలా వచ్చింది?" అని అడగండి. మీకు లెక్క రాకపోయినా ఫరవాలేదు, మీకు అర్థమయ్యేటట్లు చెప్పమనండి. అమ్మకు, నాన్నకు గింజలు పేర్చి వివరించగలిగిన బిడ్డకు ఆ పాఠం వచ్చినట్లే.