చక్రం తిరిగితేనే కూలి
మంచు కొండల్లో అమెరికా లారీ డ్రైవర్ల పాట్లు

చీమకుర్తి గ్రానైటు దిమ్మెలను రేవుకు చేర్చే ట్రైలర్లు మన జిల్లా వాసులకు కొత్త కాదు. పక్క చెక్కలు, పైకప్పు లేని బల్లపరుపు బండి, దానిపై బండరాయి, ముందు డ్రైవరు, పక్కన క్లీనరు. ఇలాంటి బండ్లే అమెరికాలోనూ తిరుగుతాయి. ఇనుప రేకు చుట్టలు, కలప, పెద్ద యంత్రాలు వాటి మీదే వెళతాయి. అయితే అక్కడ క్లీనరు ఉండడు. లోడు కట్టడం, పట్టా కప్పడం, టైర్లు చూసుకోవడం అన్నీ డ్రైవరు పనే.

మైలు లెక్కన జీతం

దూర ప్రాంతాలకు తోలే డ్రైవర్లలో చాలామందికి అక్కడ నెల జీతం లేదు. మైలుకు ఇంత అని కూలి. పట్టా కప్పినందుకు కొన్ని కంపెనీలు పైన కొంత ఇస్తాయి. లోడు కోసం గంటల తరబడి కాచుకున్నా దక్కేది తక్కువ. ఒక్కోచోట అదీ ఉండదు.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024లో పెద్ద లారీల డ్రైవర్లలో సగం మంది ఏడాదికి 57,440 డాలర్ల కంటే ఎక్కువ, మిగతా సగం మంది తక్కువ సంపాదించారు. రూపాయల్లోకి మారిస్తే 40 లక్షలు దాటుతుంది. వినడానికి పెద్ద మొత్తమే. కాని తిండి, ఇంటి అద్దె, వైద్యం ఖర్చులన్నీ డాలర్లలోనే. పైగా వారాల తరబడి ఇంటి ముఖం చూడని డ్రైవర్లు ఎందరో.

వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలని అక్కడ 1938లోనే చట్టం చేశారు. రాష్ట్రాల మధ్య సరుకు తోలే లారీ డ్రైవర్లకు మాత్రం సాధారణంగా అది వర్తించదు.

రెండు రకాల గొలుసులు

ఈ బండ్లలో గొలుసులు రెండు రకాలు. ఒకటి సరుకును కట్టడానికి. కట్టిన గొలుసులు, పట్టీల మొత్తం సామర్థ్యం సరుకు బరువులో కనీసం సగమైనా ఉండాలని నిబంధన. బయలుదేరిన 50 మైళ్లలోపు ఒకసారి, తర్వాత 150 మైళ్లకో మూడు గంటలకో, ఏది ముందైతే అప్పుడు, దిగి బిగింపు చూసుకోవాలి.

రెండోది టైర్లకు తొడిగేది. కొలరాడో రాష్ట్రంలో 70వ నంబరు రహదారి రాకీ పర్వతాలను దాటుతుంది. ఐసెన్‌హోవర్ సొరంగం వద్ద ఎత్తు 11 వేల అడుగుల పైమాటే. డాట్సెరో నుంచి మోరిసన్ వరకు సుమారు 200 కిలోమీటర్ల దారిలో సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు, మంచు పడినా పడకున్నా, పెద్ద లారీలో గొలుసులు ఉండి తీరాలి. తొడగమని ఆజ్ఞ వచ్చాక తొడగకపోతే 500 డాలర్లకు పైగా జరిమానా. బండి జారి దారికి అడ్డం పడితే 1000 డాలర్ల పైనే.

తొడగడం తేలికేమీ కాదు. రోడ్డు పక్క స్థలంలో బండి ఆపాలి. బరువైన గొలుసును టైరుపై పరచి, బండిని కాస్త కదిపి, వెనుక కొక్కెం తగిలించి, ముందు బిగించాలి. అన్నీ గడ్డకట్టే చలిలో, మంచులో మోకరిల్లి. కొంత దూరం పోయాక మళ్లీ దిగి బిగించాలి. కొండ దాటాక విప్పాలి.

సున్నా రాబడి గంట

మైలుకు 60 సెంట్లు అనుకుందాం. మంచి రోడ్డుపై గంటకు 60 మైళ్లు తోలితే 36 డాలర్లు వస్తాయి. గొలుసులతో 30 మైళ్లకు మించి పోరాదు కనుక 18 డాలర్లే. గొలుసులు తొడిగే గంటలో వచ్చేది సున్నా. కొన్ని కంపెనీలు అందుకు కొంత ముట్టజెబుతాయి, అన్నీ కాదు. వాతావరణం బాగాలేదని బండి ఆపేస్తే ఆ రోజు మైళ్లు పోయినట్టే. డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే, అందులోనూ 11 గంటలే తోలాలన్న నిబంధన మరోవైపు తరుముతుంది. ప్రాణం కాపాడే పనికే కూలి లేకపోవడం అక్కడి డ్రైవర్ల ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటి.

అదనపు గంటల కూలికి అడ్డుగా ఉన్న మినహాయింపును తీసేయాలని 2022లో అమెరికా కాంగ్రెసులో బిల్లు పెట్టారు. అప్పుడు చట్టం కాలేదు. 2023లో మళ్లీ ప్రవేశపెట్టారు. ఏ దేశంలోనైనా లారీ ఆగి ఉన్నంత మాత్రాన డ్రైవరు ఖాళీగా ఉన్నట్టు కాదు.