కుండీ నిమ్మకు రోజూ కాపలా.. నేల నిమ్మకు నాలుగేళ్ల ఓపిక

వేసవి వచ్చిందంటే నిమ్మకాయ ధరకు రెక్కలొస్తాయి. గూడూరు, పొదలకూరు, తెనాలి, ఏలూరు, నకిరేకల్ మార్కెట్లకు కాయ వస్తున్నప్పటికీ పట్టణాలలో చిల్లర ధర సామాన్యునికి అందదు. ఇంటి అవసరాలకు ఒక నిమ్మ మొక్క ఉంటే బాగుంటుందన్న ఆలోచన అప్పుడే వస్తుంది. కడియం ప్రాంత నర్సరీల నుంచి లారీలలో వచ్చే కుండీ మొక్కలకు కాయలు వేలాడుతుంటే ముచ్చటపడి కొనేవారు ఎందరో. వాటిలో మొదటి వేసవి దాటనివీ తక్కువేమీ కాదు. పెరడు ఉన్నవారు కుండీ కొనడం, నీరు నిలిచే నేల ఉన్నవారు గుంత తవ్వి నాటడం ఇందుకు ముఖ్య కారణాలు. మొక్క ఒకటే అయినా కుండీలో దాని బతుకు వేరు, నేలలో వేరు.

వేరుకు చోటెంత?

నిమ్మ తోట వేసే రైతు సాధారణంగా ఆరు మీటర్ల ఎడంలో మొక్కలు నాటుతాడు. ఆ లెక్కన ఎకరాకు 110 మొక్కలకు మించవు. మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత తీస్తే అందులో పట్టే మట్టి వెయ్యి లీటర్లు. వేరు ఆ గుంత దాటి కూడా పోతుంది. 18 అంగుళాల కుండీలో పట్టేది సుమారు 50 లీటర్లు మాత్రమే. అంటే గుంతలో ఇరవయ్యో వంతు. కుండీ నిమ్మకు సంబంధించిన కష్టాలన్నింటికీ మూలం ఈ లెక్కలోనే ఉంది. మట్టి తక్కువైతే అది పట్టి ఉంచే నీరు, ఎరువు కూడా తక్కువే. నేలలోని చెట్టుకు పై మట్టి ఎండినా కింది పొరలో తేమ దొరుకుతుంది. కుండీ మొక్కకు యజమాని చేతిలోని చెంబు తప్ప వేరే ఆధారం లేదు.

మే నెలలో డాబా మీది సిమెంటు వేడికి నల్ల ప్లాస్టిక్ కుండీ గోడలు కాలిపోతాయి. గోడను ఆనుకుని ఉన్న సన్న వేర్లు మాడిపోతాయి. అప్పుడు నీరు పోసినా ఆకు వడలుతూనే ఉంటుంది. నీరు చాలలేదనుకుని మరింత పోస్తే మిగిలిన వేర్లు కుళ్లుతాయి. కుండీని ఇటుకల మీద ఎత్తుగా ఉంచి, పక్కలకు తడి గోనె సంచి చుట్టి, మధ్యాహ్నం తర్వాత నీడ పడేచోటికి జరిపితే చాలా వరకు కాపాడుకోవచ్చు. మట్టి కుండీ అయితే వేడి తక్కువ, కానీ త్వరగా ఆరిపోతుంది. వేసవి సెలవులకు పది రోజులు ఊరు వెళ్లేవారు పక్కింటివారికి అప్పగించకుండా వెళ్తే తిరిగి వచ్చేసరికి పుల్లలే మిగులుతాయి.

గింజ మొక్కా, అంటు మొక్కా?

కొనేటప్పుడు దీన్ని అడిగేవారు అరుదు. నిజానికి మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. నిమ్మ గింజ నుంచి వచ్చే మొక్క చాలా వరకు తల్లి చెట్టు లక్షణాలతోనే వస్తుంది. అందువల్ల తోటలకు గింజ మొక్కలను వాడటం ఆనవాయితీ. దీనికి తల్లివేరు లోతుగా దిగుతుంది, ఆయుష్షు ఎక్కువ. అయితే కాపుకు నాలుగేళ్లు అటూఇటుగా పడుతుంది. కొమ్మకు గాలి అంటు కట్టి తీసిన మొక్కకు తల్లివేరు ఉండదు. ఏడాది, రెండేళ్లలోనే పూతకు వస్తుంది. కుండీకి ఇది అనువైనది. నేలలో నాటితే ఊతం లేకుండా గాలివానకు ఒరిగిపోయే ప్రమాదం ఉంది. కొందరు జంబీరి వంటి వేరు మొక్కపై అంటుకట్టినవి అమ్ముతారు. అంటు కింది నుంచి వచ్చే ముళ్ల చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసివేయకపోతే కొన్నాళ్లకు నిమ్మ పోయి జంబీరి మిగులుతుంది. నేలలో పెంచదలచినవారు తిరుపతి పరిశోధన స్థానం విడుదల చేసిన బాలాజీ రకాన్ని అడగవచ్చు. ఇది గజ్జి తెగులును కొంతమేర తట్టుకుంటుంది.

మట్టి విషయంలో ఒక అపోహను ప్రస్తావించాలి. నీరు బాగా పోతుందని కుండీ అడుగున నాలుగంగుళాల కంకర పరిచే అలవాటు మన దగ్గర ఉంది. దానివల్ల మేలు జరగదు. సన్న మట్టిలోని నీరు కింది కంకరలోకి సులభంగా దిగదు, ఆ పొర పైనే నిలుస్తుంది. అసలే తక్కువగా ఉన్న చోటులో నాలుగంగుళాలు వృథా అవుతాయి. రంధ్రం మీద ఒక పెంకు ముక్క బోర్లించి, పైవరకు ఒకే మిశ్రమం నింపడం మంచిది. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపి, గుప్పెడు వేపపిండి చేరిస్తే సరిపోతుంది. నల్లరేగడి మట్టిని కుండీకి వాడకూడదు.

అద్దె ఇంటివారికి కుండీయే మేలు

నేల నిమ్మే గొప్పదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నిమ్మ అన్నింటికన్నా సహించనిది వేరు దగ్గర నిలిచే నీరు. వేర్లు కుళ్లి, మొదలు దగ్గర బెరడు పగిలి బంక కారుతుంది. చెట్టు తేరుకోవడం కష్టం. డెల్టాలో రెండడుగులు తవ్వితే నీరు ఊరే చోట్ల, వానకు వారం రోజులు తడి ఆరని రేగడి నేలల్లో గుంత తీసి నాటడం కన్నా కుండీ నయం. నేలలోనే కావాలంటే రెండడుగుల ఎత్తు మట్టి దిబ్బ పోసి దానిపై నాటుకోవాలి. ఇల్లు మారవలసి వచ్చే అద్దెదారుకు నేలలో నాటిన చెట్టు ఇంటి యజమాని సొత్తు అయిపోతుంది, కుండీ తన వెంట వస్తుంది. అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాలలో స్థిరపడిన మనవాళ్లు నిమ్మను, కరివేపాకును కుండీలలోనే పెంచి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవడం కూడా ఇటువంటి అవసరమే.

ఎర్రనేల, నీరు ఇంకే ఇసుక నేల ఉన్న పెరట్లో మాత్రం కుండీ కొనడం డబ్బు దండుగ. గోడకు పదడుగుల దూరంలో, రోజుకు ఆరు గంటలైనా ఎండ తగిలేచోట నాటి, మొదటి రెండు వేసవులు నీరు అందిస్తే తర్వాత చెట్టే చూసుకుంటుంది. పాది చేసేటప్పుడు మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దానికి వెలుపల రెండో వలయంలో నీరు పోయాలి. మొదలుకు నీరు తగలకూడదు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి వెయ్యికి పైగా కాయలిస్తుంది. కుండీలో పదుల్లో వస్తే సంతోషించాలి.

కుండీలో పొడి తెలుసుకోవడానికి వేలిని రెండంగుళాలు దింపి చూడటం కన్నా మంచి సాధనం లేదు. పోసినప్పుడు అడుగు రంధ్రం నుంచి కారేవరకు పోయాలి. బోరు నీరు ఉప్పగా ఉండే తీర ప్రాంతాలలో మట్టిపై తెల్లని పొర కడుతుంది, ఆకు కొసలు మాడతాయి. నెలకోసారి మంచినీటితో ధారాళంగా తడిపి ఉప్పును కడిగివేయాలి. వాన నీరు పట్టి పోస్తే మరీ మంచిది. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపు రంగుకు మారితే జింకు వంటి సూక్ష్మపోషకాల లోపమని గుర్తించాలి. లేత చిగుళ్లపై పాము జాడవంటి వంకర గీతలకు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి చల్లవచ్చు. పక్షి రెట్టలా కనిపించే గొంగళి పురుగులను చేత్తో ఏరివేస్తే చాలు.

పూత తెప్పించడానికి తోటల్లో కొన్ని వారాలు నీరు ఆపి, ఆకు కాస్త వాడిన తర్వాత తడి ఇస్తారు. సెప్టెంబరు, అక్టోబరులో వచ్చే పూత వేసవికి కాయ అవుతుంది, ధర ఉండేది అప్పుడే. దీన్ని విని కుండీకి కూడా వారాల తరబడి నీరు ఆపితే మొక్క చనిపోతుంది. దానికి రెండు మూడు రోజులే ఎక్కువ.

ఇప్పటికే కుండీ కొని, నేల కూడా ఉన్నవారు తొలకరి వానలు పడ్డాక జూన్, జులైలో మొక్కను నేలకు మార్చుకోవచ్చు. వేర్లు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టుకుని ఉంటే నేలలో కూడా అలాగే తిరుగుతాయి. మట్టిగడ్డ పక్కలను పదునైన చాకుతో మూడు నాలుగు చోట్ల పైపైన నిలువుగా గీసి, కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటాలి. గాలి అంటు మొక్క అయితే రెండేళ్లపాటు గట్టి కర్ర ఊతం ఇవ్వాలి. ఆ ఏడాది వచ్చిన పూతను తుంచివేయాలి. కాయలు చూసి కొన్నవారికి ఇది కష్టంగానే ఉంటుంది.