కంప్యూటర్లో లోహమలం

పిల్లలూ! విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ఉన్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు మీకు తెలుసా? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పేర్లు ఎంత చల్లగా ఉన్నాయో కదా! లోపల మాత్రం ఇనుము కరిగి నిప్పులా మెరుస్తుంది. ఇనుప ధాతువుతోపాటు ఇసుక, మట్టి వంటి ఖనిజ మాలిన్యం కూడా కొలిమిలోకి వస్తుంది. సున్నపురాయి వేస్తే మాలిన్యంలోని సిలికాతో కలిసి లోహమలం ఏర్పడుతుంది. అది ఇనుము కంటే తేలిక కాబట్టి పైకి తేలుతుంది. దాన్ని వేరుగా తీసేస్తారు.

కంప్యూటరుకు కూడా ఇలాంటి శుద్ధి చేయవచ్చునంటే నమ్ముతారా?

కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మీరు నొక్కిన అక్షరాన్ని అందుకోవడం, దాన్ని తెరమీద చూపడం, మెమరీని ప్రోగ్రాములకు పంచడం దాని పనులు. అయితే దానితోపాటు ఆటలు, వాతావరణ వార్తలు, ప్రకటనలు చూపే ప్రోగ్రాములు కూడా వచ్చి చేరతాయి. డిస్కులో ఊరికే పడి ఉన్న ప్రోగ్రాము చోటు మాత్రమే తింటుంది. తెర వెనుక నడుస్తూ ఉండేది మెమరీని, ప్రాసెసరు సమయాన్ని కూడా తింటుంది. పాత కంప్యూటరు మెల్లగా నడవడానికి ఇదొక కారణం.

విండోస్ 11కు కనీసం 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల డిస్కు కావాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మరి బాగానే పనిచేస్తున్న పాత యంత్రాలను చెత్తలో వేయాలా? వాటిలో రాగితోపాటు సీసం వంటి విష పదార్థాలు కూడా ఉంటాయి. పారేసే ముందు మరో దారి ఉందేమో చూడాలి కదా!

ఇమేజ్ అంటే ఏమిటి?

ఇక్కడ ఇమేజ్ అంటే బొమ్మ కాదు. విశాఖ రేవులో ఓడల నుంచి దించే కంటైనర్లను చూశారా? లోపల వందల పెట్టెలున్నా బయటికి ఒకే పెట్టె. అలాగే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని వేలాది ఫైళ్ళను ఒకే పెద్ద ఫైలుగా సర్దితే దాన్ని ఇమేజ్ అంటారు. విండోస్‌లో సాధారణంగా దాని పేరు ‘ఇన్‌స్టాల్.విమ్’. కంప్యూటర్లో ఎక్కించక ముందే ఈ కంటైనరును తెరిచి, అక్కరలేని పెట్టెలు తీసి, మళ్ళీ మూసివేయవచ్చు. ఈ పనికి మైక్రోసాఫ్ట్ సంస్థే ‘డిస్మ్’ అనే పనిముట్టును ఇస్తుంది.

చేత్తో ఒక్కొక్కటే తీస్తే ఏదో ఒకటి మరిచిపోతాం. అందుకే చేయాల్సిన పనులన్నీ వరుసగా ఒక ఫైలులో రాసిపెడతారు. అదే స్క్రిప్టు. దాని సారాంశం తెలుగులో ఇలా ఉంటుంది:

1. ఇమేజ్‌కు నకలు తీసుకో.
2. నకలును ఒక ఫోల్డరులో తెరువు.
3. జాబితాలోని ప్రతి పేరుకూ: ఆ భాగం ఇమేజ్‌లో ఉందా? ఉంటే తీసెయ్యి. లేకపోతే తరువాతి పేరుకు వెళ్ళు.
4. అంతా సరిగా ఉంటే మార్పులను భద్రపరచి మూసెయ్యి. లేకపోతే మార్పులను వదిలేసి మూసెయ్యి.

ప్రయోగశాలలో విధానం రాసిపెడితే మరొకరు చేసినా అదే ఫలితం రావాలి కదా! ఇదీ అంతే. పది కంప్యూటర్లకైనా ఫలితం ఒక్కటే. పైగా స్క్రిప్టును ఎవరైనా చదివి తప్పు పట్టుకోవచ్చు. ఎన్‌టీదేవ్ అనే పేరుతో ఒక ప్రోగ్రామరు రాసిన ‘టైనీ11 బిల్డర్’ ఇలాంటి స్క్రిప్టే.

అన్నీ తీసేస్తే?

మళ్ళీ ఉక్కు దగ్గరికి వద్దాం. కొలిమి నుంచి వచ్చిన ఇనుములో సుమారు 4 శాతం కార్బన్ ఉంటుంది. అందుకే అది పెళుసు. ఆక్సిజన్‌ను ఊది ఆ కార్బన్‌ను మండించి తగ్గిస్తారు. అయితే పూర్తిగా తీసేయరు! తీసేస్తే ఇనుము మెత్తబడుతుంది. స్లాబులో వేసే కడ్డీలకు బలాన్నిచ్చే వాటిలో ఆ మిగిలిన కొద్దిపాటి కార్బన్ ఒకటి.

టైనీ11లో ‘కోర్’ అనే మరో రకం ఉంది. అందులో ఇంకా ఎక్కువ భాగాలు తీసేస్తారు. పరిమాణం బాగా తగ్గుతుంది. కాని తరువాత దానికి కొత్త భాషలు, భద్రతా మార్పులు చేర్చడం కుదరదు. తాత్కాలిక పరీక్షలకు తప్ప రోజువారీ వాడకానికి అది తగదు.

నేనూ ఒకసారి తొందరపడ్డాను. ‘ల్యాబులో ఎవరు అచ్చు వేస్తారులే’ అనుకుని ప్రింటింగు సేవ పేరును జాబితాలో రాశాను. యూనిట్ పరీక్ష ముందురోజు ప్రశ్నపత్రం అచ్చు వేద్దామంటే ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. తీగలు మార్చాను, ప్రింటరు మూత విప్పి చూశాను. చివరికి తప్పు నా జాబితాలోనే ఉందని తేలింది! స్క్రిప్టు ఉంది కాబట్టి ఒక్క పంక్తి కొట్టేసి, మళ్ళీ నడిపి, ఇమేజ్‌ను కొత్తగా ఎక్కించాను.

గ్నూ/లినక్స్‌లో ఈ చిక్కు కొంత తక్కువ. ఏ భాగం దేనిమీద ఆధారపడిందో ప్యాకేజీల జాబితాలోనే రాసి ఉంటుంది. ఒకటి తీయబోతే, దానితోపాటు ఏవేవి పోతాయో ముందే చెబుతుంది. దీని మూల ప్రోగ్రామును ఎవరైనా చదివి మార్చుకోవచ్చు. ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తేగలిగింది అందువల్లే. ఆల్పైన్ లినక్స్ కంటైనరు ఇమేజ్ అయితే సుమారు 5 మెగాబైట్లే!

కొన్ని జాగ్రత్తలు చెబుతాను, వినండి. ఎవరో తయారుచేసి పెట్టిన ఇమేజ్‌ను ఎక్కించకండి. వారు ఏం తీశారో, ఏం కలిపారో మీకు తెలియదు. అసలు ఇమేజ్‌ను తయారీదారు నుంచే, లైసెన్సుతో తీసుకోండి. భద్రతకు సంబంధించిన భాగాలను ముట్టుకోకండి. మీ ఉపాధ్యాయుడు పక్కన ఉన్నప్పుడే చేయండి.

మీరూ చేసి చూడండి

కంప్యూటర్లోని పది ప్రోగ్రాముల పేర్లు కాగితం మీద రాయండి. ‘ఇది లేకపోతే ఏది ఆగిపోతుంది?’ అని ప్రతిదాని గురించి ప్రశ్నించి, ఆగిపోయే దాని నుంచి దీనివైపు బాణం గీయండి. ఒక్క బాణం కూడా రాని పేరు దొరికితే వెంటనే కొట్టేయకండి. ‘ఇది ఎవరికి అక్కరలేదు? నాకా, అందరికా?’ అని మరో ప్రశ్న వేసుకోండి. తెరమీది మాటలను చదివి వినిపించే ‘నరేటరు’ మీకు అనవసరం అనిపించవచ్చు. మీ తరగతిలో చూపు లేని విద్యార్థి ఉంటే, అతనికి కంప్యూటరంటే అదే!

లోహమలాన్ని కూడా పారేయరు పిల్లలూ, సిమెంటు తయారీకి పంపుతారు.