గాయం మానింది సరే, ఆ కుక్క ఎవరింటికి?

మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్ గ్రామం పేరు 2024 ఫిబ్రవరిలో దేశమంతటా వినిపించింది. ఆ నెల 16వ తేదీన ఊరు ఇంకా నిద్ర లేవకముందే ముఖాలకు ముసుగులు కట్టుకున్న వ్యక్తులు కారులో వచ్చి వీధుల్లోని కుక్కలను తుపాకీతో కాల్చారు. సుమారు 20 కుక్కలు చనిపోయాయి. మరికొన్ని గాయాలతో మిగిలాయి. పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన ఫిర్యాదుపై పోలీసులు కేసు నమోదు చేసి, మరుసటి నెలలో ముగ్గురిని అరెస్టు చేశారు.

పోలీసులు వెల్లడించిన కారణం విని చాలామంది ఆశ్చర్యపోయారు. నిందితులలో ఒకరు అంతకు ముందు తమ పెంపుడు కుక్కలతో ఆ ఊరిలోని బంధువుల ఇంటికి వచ్చారు. వీధి కుక్కలు వాటి మీద పడ్డాయి. పెంపుడు కుక్కల్లో ఒకటి చనిపోయింది. ఆ పగతోనే ఈ పని జరిగిందని పోలీసుల కథనం.

ఇందులో ఆలోచించదగిన సంగతి ఒకటి ఉన్నది. చనిపోయిన ఆ పెంపుడు కుక్కకు ఒక ఇల్లు ఉంది, దాని కోసం కుమిలిపోయే మనిషి ఉన్నాడు. వీధిలో కాల్పులకు గురైన కుక్కలకు మాత్రం పంచాయతీ కార్యాలయమే దిక్కయింది. ‘ఇది మా కుక్క’ అని చెప్పే ఇల్లు లేని జీవానికి ఊరంతా ఉన్నా ఎవరూ లేనట్లే. దెబ్బ తిన్న కుక్కకు కట్టు కట్టి, గంజి పోసి బతికించే దయగలవారు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. అయితే గాయం మానిన తరువాత ఆ కుక్కను తిరిగి అదే రోడ్డు మీద వదిలితే చేసిన పుణ్యం సగంలోనే ఆగిపోతుంది. దానికొక ఇల్లు చూసి అప్పగించినప్పుడే కాపాడిన పని పూర్తయినట్లు.

పాత చట్టంలో కుక్క ఖరీదు

1860 నాటి భారత శిక్షాస్మృతి జంతువులను ఖరీదు కట్టి చూసేది. 10 రూపాయలు, ఆపైన విలువ చేసే జంతువును చంపితే 428వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష. ఆవు, ఎద్దు, గుర్రం వంటివాటిని గానీ, 50 రూపాయలు, ఆపైన విలువ చేసే మరే జంతువును గానీ చంపితే 429వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష. వీధి కుక్క ఖరీదు ఎంత అని అడిగితే జవాబు చెప్పడం కష్టమే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ ఖరీదు మాటను తీసివేసింది. దాని 325వ సెక్షన్ ప్రకారం ఏ జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా అయిదేళ్ల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కుక్కల బెడద పోవాలని విషం కలిపిన అన్నం పెట్టించేవారు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

రోడ్డున పడుతున్న తీరు

పాలమూరు, నల్లగొండ పల్లెలకు కుక్క కొత్త కాదు. గొర్రెల మందతో గుట్టలు తిరిగే గొల్ల కురుమలకు రాత్రిపూట మంద దగ్గర కుక్కే కాపలా. పల్లి చేనులోకి అడవి పందులు వస్తే మొదట మొరిగేది అదే. బావి దగ్గర మోటారు దొంగల పాలు కాకుండా రైతును లేపేది అదే. స్వర్గం వాకిట నిలబడి కూడా వెంట వచ్చిన కుక్కను వదలనన్న ధర్మరాజు కథ తెలియని పల్లె లేదు. కాలభైరవునికి కుక్కే వాహనం.

ఇంత అక్కరకు వచ్చే జీవం దిక్కులేనిది కావడానికి కారణాలు మన కళ్ల ముందరే ఉన్నాయి. బతుకుదెరువుకు వలస పోయే కుటుంబం ఇంటికి తాళం వేసి పిల్లలను వెంట తీసుకుపోతుంది గానీ కుక్కను తీసుకుపోలేదు. ఈనిన కుక్క పిల్లలను సంచిలో వేసి ఊరవతల వదిలి వచ్చేవారు ఉన్నారు. ముచ్చటపడి కొన్న జాతి కుక్కకు జబ్బు చేస్తే రోడ్డు పక్కన దించి పోయేవారూ ఉన్నారు. అడ్డాకల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, చిట్యాల, నకిరేకల్ మీదుగా పోయే 65వ నంబరు రహదారి వెంట వాహనాల కింద పడి కాళ్లు విరిగిన కుక్కలను చూడనివారు ఉండరు.

ముందుగా పశువుల దవాఖాన

రోడ్డు మీద దొరికిన కుక్కను నేరుగా ఎవరికీ అప్పగించరాదు. నొప్పితో ఉన్న కుక్క అన్నం పెట్టే చేతినైనా కరుస్తుంది. కనుక మందపాటి గోనెపట్టా కప్పి, మూతికి మెత్తని గుడ్డ వదులుగా కట్టి పశువైద్యశాలకు తీసుకుపోవాలి. ఊపిరి కష్టంగా ఆడుతున్న కుక్కకు మాత్రం మూతి కట్టరాదు.

అక్కడ మూడు పనులు చేయించాలి. మొదటిది గాయానికి, గజ్జికి, గోమారులకు వైద్యం. రెండవది నట్టల మందు. మూడవది పిచ్చి వ్యాధి రాకుండా టీకా. మూడు నెలలు నిండిన కుక్కకు ఈ టీకా వేస్తారు. తరువాత డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. టీకా వేసిన తేదీ రాసిన చీటీని భద్రపరచి, కుక్కతోపాటు కొత్త యజమానికి ఇవ్వాలి. ఆ చీటీ చేతిలో ఉంటే ఇరుగుపొరుగువారికి సగం భయం తీరుతుంది.

ఆడ కుక్క అయితే పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించిన తరువాతనే ఇవ్వడం మేలు. కుక్క చూలు సుమారు 63 రోజులు. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. ఒక్క ఆడ కుక్కకు ఇల్లు చూసి, ఈ పని మరచిపోతే ఏడాది తిరిగేసరికి అరడజను పిల్లలకు ఇళ్లు వెతకవలసి వస్తుంది. చాలామంది ఆడ కుక్క అనగానే వద్దనడానికి కారణం ఇదే. శస్త్రచికిత్స అయిందంటే ఆ అభ్యంతరం ఉండదు.

ఎటువంటి ఇల్లు చూడాలి

కుక్క కావాలని అడిగిన మొదటి మనిషికే ఇచ్చి చేతులు దులుపుకోరాదు. ఆడపిల్లకు సంబంధం చూసినంత కాకపోయినా, కోడెను అమ్మేటప్పుడు చూసినంతయినా చూడాలి. ఆ ఇంట్లో రోజూ అన్నం పెట్టేది ఎవరు? ఆమెకు ఇష్టమేనా? ఇంటాయన ముచ్చటపడి తెచ్చి, ఇల్లాలు వద్దంటే ఆ కుక్క నెల కూడా నిలవదు. కిరాయి ఇల్లయితే ఇంటి యజమాని ఒప్పుకున్నాడా? వలస పోయే కుటుంబమైతే ఆ నెలల్లో కుక్కను చూసేదెవరు? ఇంట్లో కోళ్లు, మేకపిల్లలు, చంటిపిల్లలు ఉన్నారా? ఇవన్నీ ముందే అడగాలి.

కుక్క గుణాన్ని కూడా దాచకుండా చెప్పాలి. కోళ్లను తరిమే కుక్కను కోళ్లు పెంచే ఇంటికి ఇస్తే గొడవే. కాలు కుంటిదైన కుక్క మంద వెంట తిరగలేదు గానీ దొడ్డి దగ్గర కాపలాకు పనికివస్తుంది. మనుషులంటే బెదిరే కుక్కకు వీధి మధ్య ఇంటికంటే చేను దగ్గరి కొట్టం నయం. పిల్ల కుక్కలను కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉంచి, ఆ తరువాతనే వేరు చేయాలి. కళ్లు తెరవగానే ఎత్తుకుపోయిన పిల్లలు ఎక్కువగా బతకవు.

‘కుదరకపోతే మళ్లీ నాకే తెచ్చి ఇయ్యి, రోడ్డు మీద మాత్రం ఇడువకు’ అనే ఒక్క మాట తీసుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

మొదటి పక్షం రోజులు

కొత్త ఇంటికి పోయిన కుక్క మొదట తిండి ముట్టకపోవచ్చు. రాత్రంతా ఏడవవచ్చు. సందు దొరికితే పాత చోటికి పరుగెత్తుతుంది. దారిలో రహదారి దాటవలసి వస్తే ప్రాణానికే ముప్పు. కనుక మొదటి రెండు వారాలు నీడపట్టున పొడవాటి తాడుతో ఉంచి, ఒకే మనిషి ఒకే వేళకు అన్నం పెట్టాలి. ఒకే పేరుతో పిలవాలి. ఉదయం, సాయంత్రం తాడు పట్టుకుని ఇంటి చుట్టూ, చేను గట్ల మీద తిప్పితే అది తన హద్దులు తెలుసుకుంటుంది. అలవాటయిన తరువాత కూడా పగలు రేయి గొలుసుతో కట్టివేస్తే మంచి కుక్క సైతం కోపిష్ఠిది అవుతుంది.

తిండికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఇంట్లో వండిన అన్నం, జొన్న రొట్టె, కాసింత పెరుగు, వీలున్న రోజున గుడ్డు చాలు. ఎండాకాలంలో తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పంటకు కొట్టే మందులు, ఎలుకల మందు కుక్కకు అందని చోట పెట్టాలి.

భయపడేవారి మాట

కుక్క అంటే భయపడేవారిని దయలేనివారు అనడం న్యాయం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. మనుషులకు వచ్చే పిచ్చి వ్యాధిలో నూటికి 99 వంతుల వరకు కుక్కల ద్వారానే వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. లక్షణాలు బయటపడ్డాక ఆ వ్యాధి నుంచి బతికి బయటపడినవారు అతి అరుదు.

కుక్క కరిస్తే గాయానికి కారం, సున్నం పెట్టరాదు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే దవాఖానకు పోవాలి. డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ పోయి సూదులు పూర్తిగా వేయించుకోవాలి. కరిచిన కుక్కను కొట్టి చంపకుండా 10 రోజులు గమనించాలి. ఆ రోజుల్లో దాన్ని ఇంకొకరికి ఇవ్వరాదు. చొంగ కార్చుతూ, గొంతు మారి, కనిపించినదానినల్లా కరిచే కుక్కను ఎవరూ ముట్టుకోకుండా వెంటనే పశువైద్యునికి తెలపాలి.

టీకా వేయించి, ఒక ఇంటి గడపకు అలవాటు పడిన కుక్క వల్ల ఊరికి ముప్పు తక్కువ. కాబట్టి కుక్కకు ఇల్లు చూడటం భయపడేవారికి కూడా మేలు చేసే పనే.

పంచాయతీ పూనుకుంటే

2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు శస్త్రచికిత్స, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో దత్తత మాట కూడా ఉన్నది. జంతు ప్రేమికులు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే కుక్కకు గుర్తు వేసి ఇవ్వాలని, తీసుకున్నవారు దాన్ని మళ్లీ వీధిలోకి రానీయరాదని కోర్టు చెప్పింది. అదే నెల 17న హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నగరపాలక సంస్థ నాటు కుక్కపిల్లల దత్తత మేళా జరిపింది.

పట్నంలో మేళా పెట్టాలి. పల్లెలో అంత హంగామా అవసరం లేదు. పశువైద్యుడు గొర్రెలకు నట్టల మందు పోయడానికి వచ్చే రోజున ఇల్లు లేని కుక్కపిల్లలను పంచాయతీ దగ్గరకు చేర్చితే చాలు. గొర్రెల కాపరులు, బావి దగ్గర కొట్టం ఉన్న రైతులు అక్కడికే వస్తారు. ఏ కుక్క ఎవరింటికి పోయింది, టీకా ఎప్పుడు వేశారు అన్నది కార్యదర్శి ఒక నోటుబుక్కులో రాసిపెట్టవచ్చు. మళ్లీ గ్రామసభ జరిగేనాటికి ఆ పేర్లు చదివి, కుక్కలు ఎలా ఉన్నాయో అడిగితే సరిపోతుంది. దీనికి అయ్యే ఖర్చు ఒక నోటుబుక్కు, ఒక పూట శ్రమ.