పంగ చూసి పందిరి

పందిరి అనగానే మన బ్యాచ్‌లో చాలామందికి పెళ్లి టెంటే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది చిక్కుడు పందిరి గురించి. బోధన్ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊర్లో ఇంటి వెనక ప్రతి వానాకాలం ఒకటి వేస్తారు. మొన్నటిదాకా తాతే వేసేవాడు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో గడ్డపార పట్టలేకపోతున్నాడు కాబట్టి ఈసారి ఆ డ్యూటీ నాది. తాత చెప్పిందీ, మనం ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో చదివిందీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

మనం ఏదైనా కట్టాలంటే ముందు డ్రాయింగ్ గీసి, దానికి తగ్గట్టు మెటీరియల్ కోస్తాం. కొమ్మల పందిరికి ఇది ఉల్టా. తాత మాటల్లో చెప్పాలంటే, "కట్టెను సూసి పందిరెయ్యాలె బిడ్డా, పందిరిని సూసి కట్టె కొయ్యొద్దు."

ముందు గుంజలు. చిన్న పందిరికి నాలుగు చాలు. పైన పంగ ఉన్న కొమ్మలు వెతకాలి. చెరువు కట్టల మీద, రోడ్ల పక్కన పెరిగే సర్కారు తుమ్మ దీనికి బాగుంటుంది, కాకపోతే ముళ్లతో జాగ్రత్త. వేప కూడా మంచిదే. పంగే ఎందుకంటే, అది చెట్టు తనకు తానుగా చేసుకున్న జాయింట్. అక్కడ కట్టె నారలు ఒక కొమ్మలోంచి ఇంకో కొమ్మలోకి అల్లుకుని ఉంటాయి. మనం మేకు కొట్టి చేసే జాయింట్‌లో బరువంతా ఆ మేకు మీదే పడుతుంది. పంగలో అడ్డకర్ర పెడితే ఊరికే కూర్చుంటుంది, తాడు అది జారకుండా పట్టుకుంటే చాలు. అయితే అన్ని పంగలూ పనికిరావు. ఇంగ్లిష్ 'వి' అక్షరంలా ఇరుకుగా ఉండి, మధ్యలో బెరడు లోపలికి ఇరుక్కుపోయినట్టు కనిపిస్తే వదిలేయండి. అక్కడ రెండు కొమ్మలూ సరిగ్గా అతుక్కోలేదని అర్థం, బరువు పడితే చీలిపోతుంది. 'యు'లా వెడల్పుగా ఉన్నది ఏరుకోవాలి.

తర్వాత పాతడం. మా వైపు నల్లరేగడి ఎక్కువ. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి పగుళ్లు తీస్తుంది. అందుకే తవ్విన మట్టినే మళ్లీ గుంతలో పోస్తే గుంజ వదులైపోతుంది. రెండడుగులు తవ్వి, రాళ్లూ మొరమూ కొంచెం కొంచెంగా పోస్తూ, ప్రతి పొరనూ గట్టిగా దంచాలి. భూమిలో ఉండే భాగానికి బెరడు తీసేయాలి, లేకపోతే దాని కింద తడి నిలిచి చెదలు చేరతాయి. భూమి పైన ఉన్న బెరడు మాత్రం ఉంచండి. గరుకుగా ఉంటే తీగ పట్టు దొరికించుకుని పైకి పాకుతుంది.

గుంజల మీద అడ్డకర్రలు పెట్టాక పందిరి అయిపోయినట్టే కనిపిస్తుంది. చేత్తో ఒకసారి పక్కకి నెట్టి చూడండి, ఊగుతుంది. నాలుగు భుజాల ఫ్రేమ్ మూలల దగ్గర ఎంత గట్టిగా కట్టినా గాలికి పక్కకి ఒరుగుతుంది. త్రిభుజం అలా ఒరగదు, భుజాల పొడవు మారితే తప్ప దాని ఆకారం మారదు. అందుకే ప్రతి వైపూ ఒక ఏటవాలు కర్ర కట్టాలి. ఈ సూత్రం చెరకు రైతుకి కొత్త కాదు. గడలు ఎత్తు పెరిగాక గాలివానకు పడిపోకుండా, పక్కపక్క సాళ్లలోని గడలను వాటి ఆకులతోనే పైన కలిపి జడలా చుడతారు. రెండు గడలూ, కింద నేలా కలిస్తే అదీ త్రిభుజమే. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక మా దగ్గర చెరకు తగ్గి వరి పెరిగింది. ఆ జడలు చూడాలన్నా ఇప్పుడు వెతుక్కోవాలి.

కట్లకు మేకుల కంటే తాడే నయం. పచ్చి కట్టె ఎండేకొద్దీ సన్నబడుతుంది, కట్టు వదులవుతుంది. నెలయ్యాక మళ్లీ బిగించుకోవచ్చు. పైకప్పుకి వాయిలి బరిగెలు, సన్న కంప పరవండి. చిక్కుడు తీగ కర్రను చుట్టుకుంటూ పోతుంది, బీర, సొర నులితీగలతో పట్టుకుంటాయి. నులితీగకి లావు కర్ర అందదు, పుల్లలే కావాలి.

ఇంగ్లండ్‌లో హుక్ పార్క్ అనే అడవిలో ఆర్కిటెక్చర్ స్టూడెంట్స్ 2016 ప్రాంతంలో ఒక షెడ్ కట్టారు. ఇరవై దాకా బీచ్ చెట్టు పంగలను త్రీడీ స్కాన్ చేసి, ఏ పంగ ఎక్కడ కుదురుతుందో ఒక అల్గారిథమ్‌తో వెతికించారు. తర్వాత రోబో చేతితో జాయింట్లు చెక్కించారు. అక్కడ కూడా ముందు చూసింది పంగనే, దాన్నిబట్టే డిజైన్. తాత కొమ్మను చేతిలో అటూ ఇటూ తిప్పి, ఇది ఈశాన్యం మూలకు, ఇది ఇటు అని పక్కన పెడతాడు. ఆయన చేసేదీ అదే వెతుకులాట, కాకపోతే కోడ్ ఎక్కడా రాసి లేదు. అందుకే ఈ ఆర్టికల్.

చివరిగా ఎత్తు. నా హైట్‌కి ఏడడుగులు పెట్టుకుంటే హాయిగా నడవొచ్చు. కానీ కాయలు తెంపేది అమ్మమ్మ. ఆమె చెయ్యి పైకెత్తితే వేళ్లు ఎక్కడిదాకా అందుతాయో అదే మా పందిరి ఎత్తు. నేను కొంచెం వంగి నడుస్తా.

జూన్, జులైల్లో గింజ పెడితే మా పాతరకం చిక్కుడు పగళ్లు తగ్గేదాకా పూతకు రాదు. కాయ చలికాలంలోనే. అంటే వానలన్నీ అయ్యేదాకా పందిరి నిలబడాలి. మీ ఊర్లో కూడా పందిరి వేసే చేతులు ఉంటే, ఈ సెలవుల్లో ఒకరోజు పక్కన కూర్చుని చూడండి.